మా అబద్ధం రాసుకో

మిరప పండి చేలు ఎర్రబడ్డాక కూలీలు ఒక్కపూట కూడా ఇంటిపట్టున ఉండరు. అటువంటి రోజుల్లో ఎర్రచెలక ఆడవాళ్ళు పని మాని టీవీ ముందు కూర్చున్నారంటే, ఏదో పెద్ద ఆశే వాళ్ళను కూర్చోబెట్టి ఉండాలి. నెల్లికుదురు దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరది. అక్కడ కూలీ సంఘం ఆఫీసంటే ఒక రేకుల గది, దాని ముందు సిమెంటు గచ్చు. గచ్చు నిండా మిరప ఏరే వీరమ్మ గుంపు. పసిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని, ఒకరి భుజానికొకరు ఆనుకుని, దేశాన్ని ఏలే పెద్దలు తమ సుమలత గురించి ఏం మాట్లాడతారోనని చూస్తున్నారు.

ఆ ఆశ పెట్టినవాడు సంఘం నాయకుడు రాంచందర్. పొద్దున్నే ఢిల్లీ నుంచి ఫోన్ చేశాడు.

"టీవీ పెట్టుండ్రి వీరమ్మక్కా. ఆడోళ్ళ మీద నేరాలు, శిక్షలు, చట్టాల మార్పు, దాని మీద ఇయ్యాల పెద్దల సభల చర్చ. మన పెద్దసార్ లేసి మాట్లాడుతడు. నేను ఆయన ఎంబడే ఉన్న. మన బిడ్డ ముచ్చట దేశమంత వినాలె."

పెద్దసార్ అంటే ఈ ప్రాంతంలోనే పుట్టి, ఓట్లతో పని లేకుండా పార్టీ చలవతో పెద్దల సభకు చేరిన పెద్దమనిషి. సుమలత కేసు కొట్టేసినప్పుడు ఎర్రచెలకకు వచ్చి, ఆ పిల్ల తల నిమిరి, "చట్టంలో బలం లేదమ్మా, చట్టం మార్పిస్తా" అని పోయాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఊరు ఓర్చుకుంది.

ఓర్చుకోవడానికి చిన్న గాయమా అది. రెండేళ్ళ కిందట, పట్టపగలు, చేను ఆసామి కొడుకు లక్ష్మీకాంత్ నీళ్ళ క్యాను తెమ్మని సుమలతను మోటరు గదికి పిలిచి చెరిచాడు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. గుంపంతా పని వదిలి ఆమెను మధ్యలో పెట్టుకుని ఠాణాకు నడిచింది. కేసు కట్టేదాకా కదలమని రోడ్డు మీద బైఠాయించింది. ముందు నిలబడి నినాదం ఇచ్చినవాడు రాంచందరే. ఆ కేసు కోర్టులో పోయింది. ఎందుకు పోయిందో ఆ గచ్చు మీదున్న ఏ ఒక్కరికీ తెలియదు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, అర్థం చెప్పినవాడు రాంచందర్.

సుమలత మోటరు గది నాటి నుంచి కూలీకి పోవడం లేదు. మొగుడు వాళ్ళమ్మ ఇంటికి పోయి కూర్చున్నాడు. వీరమ్మే వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆమెను ఆఫీసుకు తీసుకొచ్చింది. వీరమ్మ ఆమెకు వరసకు చిన్నమ్మ. తల్లి పోయిన పిల్లను గుంపులోకి తెచ్చి మిరప ఏరడం నేర్పింది ఆమే. "రా బిడ్డా, నీ ముచ్చటే గద" అని పక్కన కూర్చోబెట్టుకుంది.

తెర మీద పెద్దసార్ లేచాడు. తెల్లటి బట్టలు, మెడలో పార్టీ కండువా. తెలుగులోనే మాట్లాడాడు.

"అధ్యక్షా, అత్యాచార కేసుల్లో శిక్షలు ఎందుకు పడటం లేదని సభ్యులందరూ అడుగుతున్నారు. ఉరి వేయాలంటున్నారు. నేనూ అంటాను. ఆడబిడ్డ మానప్రాణాల కన్నా మనకు ఏదీ ఎక్కువ కాదు."

గచ్చు మీద చప్పట్లు మోగాయి.

"కానీ ఇంకో సంగతి కూడా ఈ సభ వినాలి. మా ప్రాంతంలో ఎర్రచెలక అని ఒక ఊరుంది. అక్కడ మిరప ఏరే ఒక కూలీ మనిషి చదువుకున్న రైతుబిడ్డ మీద కేసు పెట్టింది. ఏం నేరం చేయని ఆ కుర్రవాడు జైలుకు పోయాడు, కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికేమైంది? ఆమెతో కలిసి పని చేసే ఆడవాళ్ళే, ఆమె వాడ వాళ్ళే, జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పారు. ఆ రోజు ఆమె తాను ఏరే సాలు విడిచి ఎక్కడికీ పోలేదని. మరి నేరం ఎక్కడ జరిగింది అధ్యక్షా? ఇటువంటి దొంగ కేసుల వల్లే శిక్షలు తగ్గుతున్నాయి. చట్టాన్ని సంస్కరించేటప్పుడు తప్పుడు ఫిర్యాదులు చేసేవాళ్ళకు కూడా కఠిన శిక్ష ఉండాలని కోరుతున్నాను."

అవతలి వరసలో ఒక సభ్యురాలు లేచి, ఊరి పేరు చెబితే ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోదా అని అడిగింది. ఆమె మైకు పనిచేయలేదు. పెద్దసార్ పక్కవాళ్ళు బల్లలు చరిచారు. ఆయన నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

గచ్చు మీద ఒక పిల్ల ఏడ్చింది, తల్లి దాన్ని ఊరుకోబెట్టడం కూడా మరిచింది. సుమలత మెల్లగా వీరమ్మ వైపు తిరిగింది.

"చిన్నమ్మా. నేను సాలు విడువలే అని చెప్పినవా?"

వీరమ్మ తలూపింది.

"మీరందరు అట్లనే చెప్పిండ్రా?" సుమలత ఒక్కొక్కరి మొహమూ చూసింది. "నేను మోటరు కాడనే ఒక్కదాన్ననుకున్న. కోర్టుల గూడ ఒక్కదాన్నే ఉన్ననన్నమాట."

లేచి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆపడానికి ఎవరికి ముఖం ఉంది కనుక.

చదువుకున్న వాళ్ళు అడుగుతారు, ఠాణాకు నడిపించిన గుంపే కోర్టులో ఎట్లా అడ్డం తిరిగిందని. డబ్బుకు అమ్ముడుపోయారా, బెదిరిపోయారా అని. రెండూ కాదు. అది తెలియాలంటే మిరప ఏరే ఆడవాళ్ళ పద్ధతి తెలియాలి.

తలా ఒక సాలు, అంటే ఒక మొక్కల వరస, పట్టుకుని అందరూ ఒక్కసారే మొదలుపెడతారు. మధ్యలో ఎవరికి కడుపులో తిప్పినా, ఎవరికి నెల వచ్చినా, మేస్త్రి కంటపడకుండా గట్టు చాటుకు పోవాలి. సాలు విడిచిందని వాడికి తెలిస్తే మర్నాడు ఆమెను ట్రాలీ ఎక్కించుకోడు. అందుకని పక్కసాలు మనిషి తన చేత్తో ఆమె సాలు కూడా ఏరుకుంటూ పోతుంది. మేస్త్రి కేకేస్తే గుంపంతటిదీ ఒకటే జవాబు: "ఈడ్నే ఉన్నది, సాలు విడువలే." అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది, వీళ్ళూ చెబుతారు. ఆ అబద్ధం మీదే ఎందరో బాలింతలు పని నిలబెట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో అది అబద్ధమే కాదు, తోటి మనిషిని కాచుకోవడం.

రాంచందర్ కూడా కూలీ తల్లి కడుపున పుట్టినవాడే. ఆ పద్ధతి వాడికి తెలుసు. సాక్ష్యానికి ముందు గుంపును ఇదే గచ్చు మీద కూర్చోబెట్టాడు.

"అక్కా, మోటరు కాడికి ఒంటరిగ పోయిందని మీరంటే ఆళ్ళ వకీలు ఏమంటడు? తనంత తానే పోయింది, ఇష్టం ఉండే పోయింది అంటడు. బిడ్డ ఇజ్జతు పోతది. సాలు విడువలే అనుండ్రి. మీరెప్పుడు అనేదే గద. మిగిలింది నేను జూసుకుంట."

ఠాణాలో ఉన్నదున్నట్టు చెప్పిన ఆడవాళ్ళు కోర్టులో బోనెక్కి, ఒకరి తర్వాత ఒకరు, సాలు విడువలేదన్నారు. సర్కారు వకీలు తల పట్టుకున్నాడు. తలుపులు మూసి, సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలిచి విచారించారు కాబట్టి సుమలత ఆ మాట వినలేదు. వీరమ్మ మెట్లు దిగుతూ, పిల్లను కాచుకున్నామని కొంగుతో మొహం తుడుచుకుంది. తన చేత్తోనే దాని గొంతు పిసికిందని ఆమెకు ఢిల్లీ చెప్పాల్సి వచ్చింది.

రాంచందర్ మూడో రోజు రైలు దిగాడు. ఫోన్ ఎత్తకుండా తిరిగినవాడు ఊళ్ళో అడుగుపెట్టకుండా తిరగలేడు కదా. గుంపు గచ్చు మీద కాచుకుని ఉంది. ఈసారి మగవాళ్ళు కూడా వచ్చారు. ట్రాలీ తోలే దస్రు, గొర్లు కాచే కాటమయ్య, మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే పిల్లలు కొందరు.

"కూసో తమ్మీ" అంది వీరమ్మ. "పెద్దసారు నోట్లెకు మా మాట ఎట్ల వోయింది?"

"సార్‌తోని తప్పుగ చెప్పించిండ్రక్కా. మంచిగ మాట్లాడుతడనే మిమ్ముల టీవీ పెట్టమన్న. ఎవరో రాసిచ్చిండ్రు..."

"సాలు అన్న మాట ఢిల్లీల ఎవరు రాసిస్తరు రాంచందరూ? ఆ సారు ఎన్నడన్న మిరప ఏరిండా?"

రాంచందర్ నాయకుడి గొంతు తెచ్చుకున్నాడు.

"సరే. చెప్తా. మీ గుడిసెలున్న జాగ ఎవరిది? లక్ష్మీకాంత్ నాయినది అని పదేండ్ల సంది కేసు నడువలేదా? సాక్ష్యం మెత్తగ పడితె ఆ కేసు ఎనుకకు తీసుకుంటనని పెద్దసారు ముంగట అన్నడు. తీసుకున్నడు గూడ. ఇయ్యాల మీరు గా గుడిసెలల్ల నిమ్మలంగ పండుకుంటున్నరంటే అదెట్ల అయింది? ఒక్క మనిషి కోసం అందరిని రోడ్డు మీద పడేస్తనా? నాయకత్వం అంటే గిదే. ఎంచుకోవాలె."

"నీకు వచ్చే ఎలక్షన్ల టికెట్ గూడ ఎంచుకున్నవా అన్నా?" అని ఒక కాలేజీ పిల్లవాడు అడిగాడు.

చూశారా ఎంత పొదుపుగా అమ్మాడో. పిల్లను అమ్మింది వాడు, కొన్నది ఆసామి, మధ్యలో తూకం వేసింది పెద్దసార్, ఆ సరుకు మీద నిద్రపోయింది మాత్రం ఈ ఆడవాళ్ళు. గచ్చు మీద గుసగుసలు లేచాయి. కనకలక్ష్మి అనే ఆమె, నలుగురు పిల్లల తల్లి, నిలబడి అడిగింది.

"వాడు చేసింది పాపమే. గని వీరమ్మక్కా, ఇప్పుడు మనం నోరు దెరిస్తె జాగ మీద మల్ల కేసు ఏస్తరు. నా పొల్లగాండ్లను ఏడ పండవెట్టాలె?"

అది తప్పు ప్రశ్న కాదు. ఆ ప్రశ్న అడగలేని ఉద్యమం ఉద్యమమే కాదు. చాలాసేపు వాదన జరిగింది. ఊరుకుందామన్నవాళ్ళున్నారు. ఆసామి ఇంటి మీద పడదామన్నవాళ్ళున్నారు. కాటమయ్య కర్ర నేలకేసి కొట్టి, రాంచందర్ సంగతి ఇక్కడే తేల్చాలన్నాడు. వీరమ్మ అందరినీ మాట్లాడనిచ్చి చివర్న లేచింది.

"కనకలక్ష్మీ, నా గుడిసె గూడ గా జాగలనే ఉన్నది. నాకు గూడ భయమైతది. గని రేపు నీ బిడ్డ మిరప చేనుకు వోతది. మోటరు కాడ ఒకడు పిలుస్తడు. అప్పుడు గుడిసె పోతదని నోరు మూసుకుందామా? ఒక్కసారి ఇచ్చినమంటే ప్రతిసారి అడుగుతరు. గుడిసెలకు మన ఆడిబిడ్డలే కిరాయి అయితరు."

కనకలక్ష్మి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "నేను గూడ వస్త" అంది.

రాంచందర్ ఎప్పుడు లేచిపోయాడో ఎవరూ గమనించలేదు. దస్రు వెళ్ళి సంఘం గది తాళం వాడి దగ్గరనుంచి తీసుకొచ్చాడు.

మర్నాడు మహబూబాబాద్‌లో వకీలు పుష్పలత ఇంటికి పోయారు. బజార్లో కిరాణా దుకాణం వాళ్ళ అమ్మాయి. ఫీజు మాట ఎత్తకుండా తీర్పు మొత్తం తెలుగులో చదివి వినిపించింది. "తోటి కూలీలు నిలకడగా చెప్పినందున" అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

"ఆ పెద్దసారు మీద కేసు పెట్టొచ్చా వకీలమ్మా? అన్ని అబద్ధాలే ఆడిండు గద" అని వీరమ్మ అడిగింది.

"పెట్టలేమవ్వా. సభలో అన్న మాట మీద ఏ కోర్టులోనూ కేసు నడవదు. రాజ్యాంగమే ఆ రక్షణ ఇచ్చింది."

"ఆయన అబద్ధానికి శిక్ష లేదా?"

"లేదు."

"మరి మా అబద్ధానికి?"

"ఉంది. కోర్టులో తప్పుడు సాక్ష్యం చెబితే ఏడేండ్ల దాకా జైలు. చూడవ్వా, సుమలత పైకోర్టుకు పోవచ్చు. మీరు నిజం చెబుతామని ప్రమాణపత్రాలు వేస్తే మళ్ళీ వినమని అడగొచ్చు. వింటారని నేను మాట ఇవ్వలేను. కానీ ఆ పత్రాలు వేసిన రోజున, మేం అబద్ధం చెప్పామని మీరే ఒప్పుకున్నట్టు. ముందు మిమ్మల్నే పట్టుకోవచ్చు."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీరమ్మకు భయం వేసింది. ఉన్న మాటే చెప్పుకోవాలి, జైలంటే ఎవరికి భయం ఉండదు. ఆ భయం పక్కనే ఇంకోటి కూడా లేచింది, కోపం. అంత పెద్ద సభలో కూర్చుని ఆడిన మాటకు వెంట్రుక కూడా ఊడదట, చెమట కారుస్తూ బోనులో నిలబడి పిల్లను కాయబోయి చెప్పిన మాటకు ఏడేళ్ళట.

"ఆయన మాట నిలబడ్డది మా మాట మీదనే గద" అంది వీరమ్మ. "మాది మేం ఎనుకకు గుంజుకుంటం. రాయి బిడ్డా."

ఆ సాయంత్రం ఆమె సుమలత ఇంటికి పోయింది. తలుపు సగమే తెరుచుకుంది.

"కోర్టుకు పోతున్నం బిడ్డా. అబద్ధం ఆడినమని చెప్తం."

"చెప్పుకోండ్రి."

"నన్ను మాఫ్ చెయ్యమని రాలే."

"చెయ్యను గూడ" అంది సుమలత. "కేసు కొట్టేసిన కాడ్నుంచి నేను పిచ్చిదాన్ననుకున్న చిన్నమ్మా. నిజంగ జరిగిందా లేదా అని నాకే అనుమానం వొచ్చింది. అంత జేసిండ్రు మీరు."

పైకోర్టుకు పోయే కాగితాల మీద సుమలత అప్పటికే, ఒంటరిగా పుష్పలత దగ్గరికి పోయి, సంతకం పెట్టి వచ్చింది. అంతకు మించి ఆమె వీరమ్మతో మాట్లాడలేదు. తలుపు మూసుకుంది.

పైకోర్టుకు పంపే పత్రాల మీద కోర్టులో ప్రమాణం చేసే రోజు మహబూబాబాద్ బస్టాండు నుంచి ఆడవాళ్ళు వరసలుగా నడిచారు. కొడకండ్ల నుంచి రెండు మిరప గుంపులు వచ్చాయి. భూపాలపల్లి నుంచి బొగ్గు గనుల కాంట్రాక్టు కూలీలు వచ్చారు. కాలేజీ పిల్లలు అట్ట పలకల మీద పెద్ద అక్షరాలతో "మేం కోర్టులో అబద్ధం చెప్పాం, మమ్మల్ని విచారించండి" అని రాసి పట్టుకున్నారు. బజార్లో దుకాణాల వాళ్ళు బయటికొచ్చి ఆ రాత చదివి నోరు తెరిచారు. నేరం చేయలేదని ఊరేగే వాళ్ళను చూశారు కానీ చేశామని ఊరేగే వాళ్ళను వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

పుష్పలత కాగితాలతో ముందే కోర్టు లోపలికి పోయింది. వెనక వస్తున్న గుంపును పోలీసులు మలుపు దగ్గర ఆపారు. అనుమతి లేదన్నారు. పలకలు విరిచారు. కనకలక్ష్మిని జుట్టు పట్టి లాగారు. వీరమ్మ గుంపును వ్యానులెక్కించి ఠాణాకు తెచ్చారు.

ఎస్సై కుర్రవాడు, చేతిలో కాగితాలు పట్టుకుని వచ్చాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నట్టున్నాయి, చెమట తుడుచుకున్నాడు.

"అవ్వా, అనుమతి లేకుండ ఊరేగింపు తీసిండ్రని రాసిన. వేలిముద్రలు ఏసి ఇండ్లకు పోండ్రి. మీ మీద ఏ కేసూ ఉండది."

"గది మా నేరం గాదు సారూ" అంది వీరమ్మ. "మా నేరం రాయి. లక్ష్మీకాంత్ కేసుల మేం జడ్జి ముంగట అబద్ధం ఆడినం."

"అది రాసుడు నా పని గాదవ్వా. అది కోర్టు జూసుకుంటది."

"కోర్టుకు పోతుంటే పట్టుకొచ్చింది నువ్వే గద."

ఎస్సై వేలిముద్ర డబ్బా ముందుకు తోశాడు. పక్కనున్న ముసలి కానిస్టేబులు గోడవైపు తిరిగాడు. వేలిముద్ర డబ్బా చేతి నుంచి చేతికి పోయింది. ఒక్కరూ వేలు పెట్టలేదు. ఎస్సై గొంతు పెంచాడు.

"ఏడేండ్లు పడతది, ఎర్కేనా? మనుమలను ఎవరు జూస్తరు? ఎవనికోసం ఇదంత?"

వీరమ్మ లేచి నిలబడింది.

"ఢిల్లీల ఆడిన అబద్ధానికి శిక్ష లేదంట. మా దానికి ఉన్నదంట. ఉన్నకాడ శిక్ష ఎయ్యిండ్రి. ఆళ్ళకు భయం లేదు గాబట్టి ఆళ్ళు నిజం చెప్పరు. మేం భయపడుకుంటనే చెప్తం. రాసుకో. నా పేరు వీరమ్మ. ఆ దినం సుమలత సాలు విడిచి పోయింది. లక్ష్మీకాంత్ పిలిస్తె పోయింది. నేను నా కండ్లతోని జూసిన. ఎట్ల తిరిగొచ్చిందో గూడ జూసిన."

"నా పేరు కనకలక్ష్మి" అని వెనకనుంచి ఇంకో గొంతు మొదలైంది. "పక్కసాలు నాదే. ఆ బిడ్డ సాలు నేను ఏరిన." ఆమె ముగించకముందే మరొకామె అందుకుంది. బయట గేటు దగ్గర కొడకండ్ల ఆడవాళ్ళు, గనుల కూలీలు, పిల్లలు వినబడేటట్టు దగ్గరికి జరిగి నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. ఠాణా లోపలి మాటలు రోడ్డు మీదికి పోతున్నాయి.

"తలుపు మూయండ్రి" అని ఎస్సై అరిచాడు. "గొళ్ళెం పెట్టండ్రి."

ముసలి కానిస్టేబులు తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. గడప మీద ఒకామె కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, గుంపును ఎట్లా దాటుకుని వచ్చిందో, మొహానికి కొంగు అడ్డం లేదు. లోపలివాళ్ళు ఒక్కొక్కరూ చెబుతున్న మాట ఆమె కదలకుండా వింటోంది.

"లెవ్వమ్మా, తలుపు ముయ్యాలె" అన్నాడు కానిస్టేబులు.

"చెప్పనియ్యి" అంది సుమలత. ఆమె లేవలేదు.